ఒక్క గుద్దుకే అయిపోయే ఫైట్‌లో చూడ్డానికి ఏముంది? (వన్ పంచ్ మ్యాన్)

రాత్రిడ్యూటీ:
మా టీమ్‌లో ఒకడు పోరుపెట్టి పోరుపెట్టి చివరికి వన్ పంచ్ మ్యాన్ అనే జపాన్ యానిమేషన్ సిరీస్ (అనిమే) మొదలుపెట్టించాడు. నాలుగో ఎపిసోడ్ దాకా వచ్చాను. తెలియనివాళ్లకి కథ ఇదీ: సైతామా అని పాతికేళ్ల గుండు కుర్రాడు. ఎంత పెద్ద రాక్షసుడు వచ్చినా ఒక్క గుద్దు, ఖతం. విలన్ వస్తాడు, తన పుట్టుక గురించి, తన కడుపుమంట గురించి, భూమిని ఎందుకు నాశనం చెయ్యాలనుకుంటున్నాడో అంతా చెప్తాడు. మనవాడు అన్యమనస్కంగా వింటాడు. ఒక గుద్దు. అయిపోయింది.

మొదటిసారి పగలబడి నవ్వాను. రెండోసారి నవ్వాను. మూడోసారికి ఫోన్ చూసుకుంటున్నాను. గెలుస్తాడని ముందే తెలిసిపోయాక ఇక టెన్షన్ ఎక్కడిది? పన్నెండు ఎపిసోడ్లూ ఇదే జోకా? ఫ్యాన్స్ మీద పడి కొట్టకండి, నిజంగానే అడుగుతున్నా. స్పాయిలర్ ఉంటే ముందు చెప్పండి.

మిరపబజ్జీ:
గెలుస్తాడని ముందే తెలిస్తే టెన్షన్ ఎక్కడిదా? మరి సంక్రాంతి సినిమాలకి పొద్దున్నే షోకి ఎందుకెళ్తున్నావ్ బ్రో?

గుండుసున్నా:
ఆ ప్రశ్నకి సమాధానం లేదు, థ్రెడ్ మూసెయ్యొచ్చు.

వీధిఅరుగు:
మిరపబజ్జీ సరదాకి అన్నా అందులో విషయం ఉంది. మన మాస్ సినిమాలో హీరో కొడతాడని అందరికీ తెలుసు. కానీ కొట్టినప్పుడు ఊరంతా చూస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ లేస్తుంది, దుమ్ము లేస్తుంది, పక్కనున్నవాడు ‘ఆయనెవరనుకున్నావ్‌రా’ అని రెండు నిమిషాలు చెప్తాడు. ఎలివేషన్ అంతా హీరోకే. ఇక్కడ దాన్ని తిరగేశారు. స్లో మోషన్ విలన్‌కి, కోరస్ విలన్‌కి, ఫ్లాష్‌బ్యాక్ విలన్‌కి. హీరోకి మిగిలేది పసుపుపచ్చ డ్రెస్సు, ఎర్ర గ్లవ్స్, ఏ భావమూ లేని మొహం. పైగా గుద్దు పడే టైముకి చుట్టుపక్కల ఎవడూ ఉండడు. ఉన్నా నమ్మడు.

అందుకే ‘గెలుస్తాడా లేదా’ అని చూస్తే నాలుగో ఎపిసోడ్‌కే విసుగొస్తుంది. గెలిచాక ఏమవుతుందో చూడాలి. నువ్వు ఆగిన ఎపిసోడ్ చివర్లో ఏం జరిగింది? ఇన్ని ఊళ్లు కాపాడినా తన పేరు ఎవడికీ తెలీదేంటని సైతామా కుమిలిపోతాడు. హీరోల రిజిస్టర్‌లో మీ పేరు లేదు కదా అంటాడు అతని శిష్యుడు జెనోస్, ఒళ్లంతా యంత్రమైన సైబోర్గ్. హీరోలకి ఉద్యోగం, ర్యాంకు ఇచ్చే హీరో అసోసియేషన్ అనేది ఒకటి ఉందనీ, మూడేళ్లుగా నడుస్తోందనీ ఈ మహానుభావుడికి అప్పటిదాకా తెలీదు! నన్నడిగితే అసలు కథ అక్కడే మొదలైంది. నువ్వు సరిగ్గా గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నావ్.

గుండుసున్నా:
ఐదో ఎపిసోడ్‌కి చిన్న స్పాయిలర్.

హీరో ఉద్యోగానికి పరీక్ష రాస్తారు ఇద్దరూ. దేహదారుఢ్య పరీక్షలో సైతామా 50కి 50, ఉన్న రికార్డులన్నీ గల్లంతు. రాతపరీక్షలో 21. మొత్తం 71, బొటాబొటిగా పాస్. సీ క్లాస్ ఇచ్చారు, అందులోనూ 388వ ర్యాంకు. శిష్యుడు జెనోస్‌కి 100కి 100, నేరుగా ఎస్ క్లాస్. గురువుగారు అట్టడుగున, శిష్యుడు పైన. గ్రౌండ్‌లో ఫస్టొచ్చి రాతపరీక్షలో దెబ్బతిన్న కానిస్టేబుల్ క్యాండిడేట్లందరికీ ఈ ఎపిసోడ్ అంకితం.

మిరపబజ్జీ:
ఆ తర్వాత ఎపిసోడ్‌లో వారానికి ఒక్క మంచి పనైనా చెయ్యకపోతే పేరు కొట్టేస్తారని తెలిసి, ఎక్కడైనా దొంగ దొరుకుతాడేమోనని ఊరంతా పరిగెడతాడు చూడండి. ఉల్కని పగలగొట్టగలిగినవాడికి టార్గెట్ ప్రెషర్. సేల్స్‌లో పనిచేసేవాళ్లకి ఏడుపొస్తుంది.

అడ్డసవాల్:
నేను అన్ని సీజన్లూ చూసినవాణ్ణి. రాత్రిడ్యూటీ గారి ఫిర్యాదులో న్యాయం ఉంది, మీరంతా జోకులతో కప్పేస్తున్నారు.

ఇందులో మనుషులు లేరండీ. జెనోస్ ప్రతి పెద్ద ఫైట్‌లో చేతులూ కాళ్లూ ఊడగొట్టించుకుంటాడు, గురువుగారు చెప్పిన ప్రతి పిచ్చిమాటా నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. అంతకంటే ఏం చేశాడు? ఎస్ క్లాస్ హీరోలని గుంపుగా ఒక గదిలో కూర్చోబెట్టి పరిచయం చేస్తారు, ఒక్కొక్కడికి ఒక వింత వేషం, రెండు డైలాగులు. టాట్సుమాకి గాల్లో తేలుతూ అందర్నీ కసురుతుంది, అంతే. మొదటి సీజన్‌లో చెప్పుకోదగ్గ ఆడపాత్రలంటే ఒక దోమ రాక్షసి, ఒక కోపిష్టి. యానిమేషన్ బ్రహ్మాండంగా ఉంది కాబట్టి జనం ఇవన్నీ క్షమించేశారు. ఇదే కథ మామూలు బొమ్మలతో వచ్చుంటే ఎవడూ పట్టించుకునేవాడు కాదు.

పుస్తకాలపురుగు:
అడ్డసవాల్ గారూ, మీరు చెప్పిన ప్రయోగం ఎప్పుడో జరిగిపోయింది. వన్ అనే కలం పేరుతో రాసే ఆయన 2009లో దీన్ని మంగాగా, అంటే జపాన్ బొమ్మల కథగా, నెట్‌లో సొంతంగా వేయడం మొదలుపెట్టారు. ఆ పేజీలు చూడండి. క్లాసులో వెనక బెంచీ కుర్రాడు నోట్స్ చివర గీసినట్టుంటాయి. చేతులు ఒక సైజు, తల ఒక సైజు. అయినా జపాన్‌లో జనం ఎగబడి చదివారు. ఐషీల్డ్ 21 అనే మంగాకి బొమ్మలు వేసిన మురాటా యూసుకె అలా చదివిన అభిమానే. అప్పటికే పేరున్న చిత్రకారుడు, వన్‌తో మాట్లాడి తానే మళ్లీ గీయడానికి ముందుకొచ్చాడు. అది 2012 జూన్‌లో షుయేషా అనే ప్రచురణ సంస్థ వాళ్ల టొనారి నో యంగ్ జంప్ సైట్‌లో మొదలైంది. అనిమే వచ్చింది 2015 అక్టోబర్‌లో.

అంటే వికారమైన బొమ్మలతోనే కథ నిలబడింది. అందం తర్వాత అబ్బింది. వన్ రాసిన మాబ్ సైకో 100 కూడా అంతే, అక్కడా అపారమైన శక్తి ఉన్న కుర్రాడికి ఆ శక్తి వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఆయనకి ఈ విషయం మీద మోజు.

అడ్డసవాల్:
నెట్‌లో ఉచితంగా వచ్చేదాన్ని జనం చదవడం వేరు, క్లాసిక్ అని నెత్తిన పెట్టుకోవడం వేరు.

రాత్రిడ్యూటీ:
ఐదో ఎపిసోడ్ చూశాను. పరీక్ష సీన్ బాగుంది. కానీ నన్ను కదిలించింది గురుశిష్యుల ఫైట్. అందులో అసలు గుద్దే పడలేదు! రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఏం చేశారో అర్థం కాలేదు కానీ ఒళ్లు జలదరించింది.

చిత్రలేఖ:
హైదరాబాద్‌లో యానిమేషన్ పనిలోనే ఉన్నాను, ఎక్కువగా బయటి దేశాల పిల్లల సిరీస్‌లకి చేస్తాం. ఆ సీన్ మా వాళ్లందరూ ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూసినదే కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

ఆ ఫైట్ మొత్తం కష్టం జెనోస్ మీద పెట్టారు. మంటలు, దూకుళ్లు, పగిలే బండలు, కెమెరా అతని వెంటే లోయంతా పరిగెత్తడం. సైతామా కదలికే ఉండదు, ప్రతిసారీ ఉండకూడని చోట ప్రత్యక్షమవుతాడు. మొహం కూడా చూడండి. మామూలుగా రెండు చుక్కలు, ఒక గీత, ముక్కు ఉందా లేదా అన్నట్టు. జెనోస్ మొహంలో లోహపు మెరుపుతో సహా ప్రతి అతుకూ గీశారు. ఒకే ఫ్రేమ్‌లో రెండు రకాల బొమ్మలు పక్కపక్కన పెట్టి, తక్కువ గీతలున్నవాడే పెద్దవాడని మనకి తెలిసేలా చేశారు. మురాటా మంగాలో పెట్టిన పద్ధతే ఇది.

ఇక చివర. సీరియస్‌గా కొట్టమని జెనోస్ బతిమాలతాడు. అప్పుడు సైతామా మొహం మారుతుంది, ఆ ఒక్క క్షణానికి నీడలూ కండలూ అన్నీ వస్తాయి. పిడికిలి స్క్రీన్ నిండిపోయి, జెనోస్ మొహానికి వెంట్రుకవాసి దూరంలో ఆగుతుంది. శబ్దం లేదు. తర్వాత ఆ గాలి అతన్ని దాటుకుని వెళ్తుంది. మళ్లీ పాత మొహంతో సైతామా అతని నుదుటి మీద చిన్నగా తట్టి, ఆకలేస్తోంది, ఉడాన్ నూడుల్స్ తిందాం పద అంటాడు. జెనోస్ వెనక్కి తిరిగి చూస్తే అక్కడుండాల్సిన కొండ లేదు.

దెబ్బ తగలకుండానే దెబ్బ బరువు చూపించారు. యాక్షన్ నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే పాఠం ఏం కావాలి? నవ్వు కూడా అక్కడే ఉంది. కొండ ఎగిరిపోయినదానికంటే వెంటనే తిండి గురించి మాట్లాడటం నవ్వొస్తుంది.

గోదారమ్మాయి:
మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. మావాడికి పదేళ్లు. ఎక్కడ చూశాడో తెలీదు గానీ ఈ గుండు బాబు ఎక్సర్‌సైజులు చేస్తానని రోజూ పొద్దున్నే హాల్లో దబదబలాడిస్తున్నాడు. కింది పోర్షన్ వాళ్లు పైకొచ్చారు. పైగా ఏసీ వెయ్యనివ్వట్లేదు! అదేం రూలండీ? అసలు ఈ సిరీస్ పిల్లలు చూడొచ్చా?

గుండుసున్నా:
అక్కా, అది మూడో ఎపిసోడ్. సైతామా తన బలం రహస్యం చెప్తాడు. రోజూ 100 పుషప్‌లు, 100 సిటప్‌లు, 100 స్క్వాట్లు, 10 కిలోమీటర్ల పరుగు. మూడు పూటలా తినాలి, పొద్దున అరటిపండైనా చాలు. మనసు గట్టిపడటానికి ఎండాకాలం చలికాలం ఏసీ, హీటర్ వాడకూడదు. ఇలా మూడేళ్లు చేస్తే జుట్టంతా ఊడి ఇంత బలం వచ్చిందంటాడు. అప్పటిదాకా నోట్‌బుక్ పట్టుకున్న జెనోస్‌కి మండిపోతుంది, ఇది మామూలు ఎక్సర్‌సైజే కదా అని అరుస్తాడు. విలన్ కూడా ముక్కున వేలేసుకుంటాడు. సిరీస్ మొత్తానికి ఇదే పెద్ద జోక్.

మిరపబజ్జీ:
మే నెలలో విజయవాడలో ఏసీ లేకుండా ఉంటే మూడేళ్లు అక్కర్లేదు, మూడు వారాలకే జుట్టు ఊడుతుంది.

ఫిజియో_ఓరుగల్లు:
గోదారమ్మాయి గారూ, పదేళ్ల పిల్లాడికి రోజూ 10 కిలోమీటర్లు వద్దు. ఆటలాగా పది పుషప్‌లు, కాసేపు పరుగు అయితే మంచిదే. పెద్దవాళ్లు కూడా మొదటి రోజే అన్నీ వందలు మొదలుపెట్టకండి. దీని పేరుతో ఛాలెంజ్‌లు నడిచినప్పుడు మోకాళ్లు పట్టుకుని మా దగ్గరికొచ్చినవాళ్లున్నారు. వారంలో విశ్రాంతి రోజులు లేకపోతే కండరం సరిగ్గా కోలుకోదు. సైతామా అది చెప్పడు.

వీధిఅరుగు:
పిల్లల సంగతికొస్తే నా మాట: పదేళ్లకి కాస్త తొందరే. గుద్దుకి రాక్షసులు తునాతునకలవుతారు, రక్తం బాగానే ఉంటుంది. రెండో ఎపిసోడ్‌లో దోమ రాక్షసి వేషం, ఎనిమిదో ఎపిసోడ్ నుంచి బట్టలు చింపుకునే ఒక ఖైదీ హీరో... పక్కన అమ్మమ్మ కూర్చుంటే ఇబ్బందే. పద్నాలుగు పదిహేనేళ్లొచ్చాక చూడనివ్వండి. ఈలోపు ఏసీ మాత్రం వేసుకోండి.

గోదారమ్మాయి:
థ్యాంక్సండీ. సైతామా ఇంట్లో కూడా ఏసీ ఉందని అబద్ధం చెప్తా.

సైకిల్‌చైన్:
ఇంతమంది మాట్లాడారు, ఒక్కరు కూడా ముమెన్ రైడర్ పేరెత్తలేదు. రాత్రిడ్యూటీ బ్రో, తొమ్మిదో ఎపిసోడ్ చూసేదాకా ఇది చదవకు. పెద్ద స్పాయిలర్.

సముద్రంలోంచి డీప్ సీ కింగ్ అనే రాక్షసుడొచ్చాడు. జనమంతా షెల్టర్‌లో దాక్కున్నారు. వానలో ఒంట్లో నీరు చేరేకొద్దీ వాడు పెరుగుతున్నాడు. ఏ క్లాస్ వాళ్లు ఓడిపోయారు, ఎస్ క్లాస్ వాళ్లూ ఓడిపోయారు. జెనోస్ గట్టిగానే నిలబడ్డాడు, కానీ ఒక చిన్నపాపకి అడ్డం వెళ్లి యాసిడ్‌కి సగం కరిగిపోయాడు. ఇక ఎవరూ లేరు. అప్పుడొచ్చాడు ముమెన్ రైడర్. సీ క్లాస్. అతని శక్తి ఏమిటయ్యా అంటే సైకిల్. సైకిల్ ఎత్తి రాక్షసుడి మీదకి విసిరాడు, దానికి చీమ కుట్టినట్టైనా లేదు. కాళ్లు పట్టి నేలకేసి కొట్టింది. లేచాడు. నేను గెలవలేనని అందరికంటే నాకే బాగా తెలుసు, గెలుపోటములు కాదు, ఇప్పుడు నీ ముందు నిలబడాల్సింది నేను అని ఏడుస్తూ అరుస్తాడు. షెల్టర్లో జనం గొంతులు పూడుకుపోయేలా అతని పేరు పిలుస్తారు.

ఇక్కడ గమనించండి. యాక్షన్ సిరీస్‌లో మామూలుగా ఇలాంటి ప్రసంగం తర్వాత హీరోకి కొత్త శక్తి వస్తుంది. ముమెన్ రైడర్‌కి ఏమీ రాదు. ఒక్క దెబ్బకి పడిపోతాడు. పడుతున్నవాణ్ణి వెనకనుంచి ఒక చెయ్యి పట్టుకుంటుంది. ‘బాగా పోరాడావ్’ అన్నట్టు రెండు ముక్కలు, అంతే. తర్వాత ఒక గుద్దు, ఆ ఊపుకి వాన విడిపోతుంది.

అసలు దెబ్బ దాని తర్వాత ఉంది. గుంపులో ఒకడు మొదలుపెడతాడు: సీ క్లాస్ వాడు ఒక్క గుద్దుకి చంపాడంటే రాక్షసుడు అంత గొప్పవాడేం కాదు, మరి ఓడిపోయిన హీరోలంతా దండగేగా అని. జెనోస్ అక్కడే కరిగిపోయి పడున్నాడు, వినపడుతోంది. అప్పుడు సైతామా నవ్వుతూ అందుకుంటాడు. హమ్మయ్య, మిగతా హీరోలు ముందే దాన్ని నీరసపెట్టేశారు కాబట్టి సరిపోయింది, నేనొచ్చి తేరగా పేరు కొట్టేశాను, ఈ మాట అందరికీ చెప్పండి అంటాడు.

బలం గురించి ఇంత చెప్పే సిరీస్‌లో ఆయన చేసిన గొప్ప పని ఇది. గుద్దు కాదు. దీనికి ఎస్ క్లాస్ ఇవ్వాలి.

గుండుసున్నా:
ఆ తర్వాత సైతామాకి రెండే ఉత్తరాలు వస్తాయి. ఒకటి నువ్వు మోసగాడివి అని, ఇంకోటి థ్యాంక్స్ అని. చివర్లో రోడ్డు పక్క బండి దగ్గర సైతామా, ముమెన్ రైడర్ ఇద్దరూ కూర్చుని తింటారు. నేను ఈ ఒక్క ఎపిసోడ్ ఎన్నిసార్లు చూశానో చెప్పను.

అడ్డసవాల్:
ఆ ఎపిసోడ్ బాగుందని నేనూ అంటాను. కానీ ఒక మాట. ఆ గుంపుని చూడండి. ప్రాణాలు కాపాడిన అయిదు నిమిషాలకే కాపాడినవాళ్లని తిడతారా ఎవరైనా? రచయిత తన హీరోని గొప్పవాణ్ణి చెయ్యడానికి జనాన్ని మూర్ఖుల్ని చేశాడు. ఏడో ఎపిసోడ్ ఉల్కలోనూ అదే. ఊరిమీద పడబోతున్న ఉల్కని సైతామా పగలగొడితే, ముక్కలు పడి ఇళ్లు పోయాయని జనం అతన్నే నిలదీస్తారు. పగలగొట్టకపోతే ఊరే ఉండేది కాదని ఒక్కడికీ తట్టదా? ఇది సులువైన దారి.

వీధిఅరుగు:
తమ్ముడూ, నువ్వు ఫేస్‌బుక్ వాడవా?

ఆ సీన్ మళ్లీ చూడు. జనం వాళ్లంతట వాళ్లు మొదలుపెట్టలేదు. ర్యాంక్ ఒక్కసారిగా పెరిగిన కొత్తవాడంటే గిట్టని ఇద్దరు బనియన్ అన్నదమ్ములు రోడ్డు మీద నిలబడి ఎగదోస్తారు. ఇల్లు పోయి ఏడుస్తున్నవాళ్లకి తిట్టడానికి ఒక మొహం చూపిస్తారు. ఉల్కని తిట్టలేరుగా! చుట్టూ ఉన్నది నిజంగానే ఇళ్లు పోయినవాళ్లు, వాళ్ల కోపం అబద్ధం కాదు. సైతామా కూడా వాళ్లని ఓదార్చడు. మీ పొగడ్తల కోసం నేను హీరోని అవ్వలేదు, నాకిష్టమై చేస్తున్నాను, తిట్టుకోండి అని కేకేస్తాడు. తొమ్మిదో ఎపిసోడ్‌లో మాత్రం నింద వేరేవాళ్ల మీదకి వెళ్తోంది కాబట్టి అబద్ధమాడాడు. తన మీదైతే పోట్లాడతాడు, తోటివాళ్ల మీదైతే తను తీసుకుంటాడు. పాత్ర లేదన్నావ్, ఇది పాత్ర కాదా?

అడ్డసవాల్:
ఆ తేడా బాగానే పట్టుకున్నారు. గుంపు విషయంలో మాత్రం నేను మారను. రెండుసార్లు వాడిన ట్రిక్ ట్రిక్కే.

పుస్తకాలపురుగు:
గుంపు సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న వివరం. చాలామంది చూసీ వదిలేస్తారు. హీరో అసోసియేషన్ ఎలా పుట్టింది? అగోని అనే కోటీశ్వరుడి మనవణ్ణి దారినపోయేవాడొకడు రాక్షసుడి బారినుంచి కాపాడాడు. ఆ కృతజ్ఞతతో ఆయన డబ్బు పెట్టి అసోసియేషన్ స్థాపించాడు. మొదటి ఎపిసోడ్ ఫ్లాష్‌బ్యాక్ గుర్తుందా? ఉద్యోగం రాక సూటు వేసుకుని తిరుగుతున్న సైతామా, అప్పటికి జుట్టుంది, పీత రాక్షసుడి నుంచి చీలిన గడ్డం ఉన్న పిల్లాణ్ణి కాపాడతాడు. ఆ పిల్లాడే ఈ మనవడు.

అంటే ఆ సంస్థ పుట్టిందే సైతామా వల్ల. ఆ సంస్థే ఆయనకి సీ క్లాస్ 388 ఇచ్చింది. ఈ ముక్కని ఎక్కడా నొక్కి చెప్పరు. మ్యూజిక్ ఉండదు, క్లోజప్ ఉండదు. చూసుకున్నవాడికి చూసుకున్నంత.

రాత్రిడ్యూటీ:
పీత గాడి పిల్లాడా!! అది నేను పట్టుకోలేదు.

సైకిల్‌చైన్:
రెండో సీజన్ గురించి కూడా ముందే చెప్పేద్దాం. మొదటి సీజన్ చేసింది మ్యాడ్‌హౌస్ స్టూడియో, రెండోది 2019లో జె.సి.స్టాఫ్. యానిమేషన్ విషయంలో ఆకాశంలోంచి నేల మీద పడ్డావని అనుకో.

టైమ్‌పాస్_తాతాజీ:
మూడో సీజన్ చూశాక రెండోది క్లాసిక్ అనిపిస్తోంది నాకు. ఆరేళ్లు ఆగి 2025 అక్టోబర్‌లో చూస్తే హీరోల్ని వేటాడే గారో కొండవాలు మీద జారుతున్నాడు, బొమ్మ కదలట్లేదు, నేల కదులుతోంది! ఆ దర్శకుణ్ణి పట్టుకుని

మోడరేటర్:
తాతాజీ గారూ, చివరి రెండు వాక్యాలు తీసేశాను. పని నచ్చకపోతే పనిని తిట్టండి, మనుషుల్ని కాదు. ఆ టీమ్ మీద నెట్‌లో ఇప్పటికే చాలా దుమ్మెత్తిపోశారు, మనమూ ఎందుకు?

చిత్రలేఖ:
నిజానికి స్టూడియో పేరు చూసి తిట్టడం మా ఫీల్డ్‌లో వాళ్లకి కాస్త బాధగా ఉంటుంది. మొదటి సీజన్ అంత బాగా రావడానికి మ్యాడ్‌హౌస్ బోర్డు ఒక్కటే కారణం కాదు. దర్శకుడు నత్సుమె షింగో, పాత్రల డిజైన్ చేసిన కుబోటా చికాషి వీళ్లకున్న పరిచయాలతో బయటి ఫ్రీలాన్స్ యానిమేటర్లు చాలామంది వచ్చి పనిచేశారు. అలాంటి జట్టు మళ్లీ మళ్లీ కుదరదు. మురాటా గీసిన పేజీ మీద ఉన్నన్ని గీతలు కదిలించాలంటే చేతులు కావాలి, టైము కావాలి. రెండూ లేనప్పుడు బొమ్మని ఆపి కెమెరా జరుపుతారు. జారిన గారో అలా పుట్టినవాడే.

అలాగని నాకు మూడో సీజన్ నచ్చిందని కాదు. ఈ సిరీస్‌కి యానిమేషన్ పైపూత కాదు, జోకులో సగం. విలన్ నిజంగా భయంకరంగా కనిపిస్తేనే ఆ చప్పిడి మొహం నవ్విస్తుంది. విలన్ కూడా చప్పిడైతే ఇక మిగిలేదేంటి?

అడ్డసవాల్:
ఇదే కదా నేను మొదట్నుంచీ అంటున్నది!

పుస్తకాలపురుగు:
కాదు, మీరు అన్నది బొమ్మలు లేకపోతే కథ లేదని. ఆవిడ అన్నది అనిమేగా చూపించాలంటే బొమ్మలు కావాలని. రెండో సీజన్‌లో కూడా కథ బలం అలాగే ఉంది. కింగ్ ఎపిసోడ్ ఒక్కటి చాలు.

గుండుసున్నా:
కింగ్! ఎస్ క్లాస్ ఏడో ర్యాంకు, భూమ్మీద అత్యంత బలవంతుడని పేరు. ఎదురొస్తే రాక్షసులే వణుకుతారు, ఛాతీలోంచి ఇంజిన్ మోగినట్టు చప్పుడొస్తుంది. తీరా చూస్తే ఆ చప్పుడు భయంతో కొట్టుకునే గుండెది. ఇంట్లో కూర్చుని వీడియో గేములాడుకునే మామూలు మనిషి. సైతామా రాక్షసుల్ని చంపి వెళ్లిపోతే అక్కడ నిలబడ్డ పాపానికి పేరంతా ఇతని ఖాతాలో పడింది. ఒకడికి బలముంది, పేరు లేదు. ఇంకొకడికి పేరుంది, బలం లేదు. కలిశాక ఏం చేస్తారు? పోట్లాడుకోరు. గేమ్ ఆడుకుంటారు, అందులో సైతామా ఓడిపోతుంటాడు.

వీధిఅరుగు:
గారో కూడా. చిన్నప్పుడు టీవీలో హీరో గెలుస్తుంటే రాక్షసుడి వైపు ఉన్న పిల్లాడు. హీరోల్ని వేటాడతానని బయల్దేరి ఊరందర్నీ చితక్కొడుతుంటాడు, సైతామా చేతిలో మాత్రం ఎవరో తాగుబోతుకి తగిలినట్టు దారిలో దెబ్బలు తిని పడిపోతుంటాడు, సైతామాకి అతనెవరో గుర్తు కూడా ఉండదు. నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. అది 2019 సీజన్‌లో ఉంది. మెరుపులు తగ్గాయని వదిలేస్తే నష్టం మనకే.

రాత్రిడ్యూటీ:
మొదటి సీజన్ అయిపోయింది. పన్నెండో ఎపిసోడ్ స్పాయిలర్.

మొదటి నాలుగు ఎపిసోడ్లు సాగదీత అన్న మాట మీద ఇంకా ఉన్నాను. పరిణామ గృహం సైంటిస్టు కథ సగానికి కోసెయ్యొచ్చు. జెనోస్ తన ఫ్లాష్‌బ్యాక్ చెప్తుంటే ‘ఇరవై మాటల్లో చెప్పు’ అని సైతామా అరిచినప్పుడు నేనూ అరిచాను.

కానీ బోరోస్. విశ్వంలో తనకి సాటి ఎవరూ లేక విసిగిపోయి, నీకు సమానమైన ప్రత్యర్థి ఫలానా గ్రహంలో ఉన్నాడని జోస్యం చెప్తే ఇరవై ఏళ్లు ప్రయాణం చేసి వచ్చాడు. సైతామాని చంద్రుడి మీదకి తన్నాడు, ఊపిరి బిగబట్టుకుని మనవాడు అక్కణ్ణుంచి దూకి తిరిగొచ్చాడు. అంతా అయ్యాక పడి ఉన్న బోరోస్‌తో ‘నువ్వు బలవంతుడివే’ అని సైతామా అంటే, వాడు ‘అబద్ధం, నువ్వు ఇంకా మిగుల్చుకునే కొట్టావు, ఇది యుద్ధమే కాదు’ అంటాడు. ఇద్దరికీ ఒకే రోగం. ఒకడికి మందు దొరికింది, ఇంకొకడికి అదీ లేదు. సైతామా మొహం అప్పుడు చూశాను. రెండు చుక్కలు, ఒక గీత, అంతే. అయినా పాపం అనిపించింది.

ఇప్పుడు చెప్పండి, రెండో సీజన్ చూడనా, మంగా పట్టుకోనా?

టైమ్‌పాస్_తాతాజీ:
మంగా. మూడో సీజన్ పేరు నా ముందు ఎత్తకు.

వీధిఅరుగు:
రెండో సీజన్ చూసెయ్, పన్నెండు ఎపిసోడ్లేగా. కింగ్ కోసం, గారో కోసం. టోర్నమెంట్‌లో సైతామా విగ్గు పెట్టుకుని వెళ్తాడు, అదొకటి.

పుస్తకాలపురుగు:
సీజన్ చూసినా మంగా మాత్రం మొదటి అధ్యాయం నుంచే చదువు, అనిమే ఆగిన చోటునుంచి కాదు. మురాటా కొన్ని చోట్ల ఒకే కదలికని పేజీ తర్వాత పేజీగా గీసుకుంటూ పోయాడు, స్క్రీన్ మీద వేగంగా తిప్పితే బొమ్మ కదులుతుంది. అది పుస్తకంలో కంటే ఫోన్‌లోనే బాగుంటుంది. ఒక్క హెచ్చరిక: ఆయనకి నచ్చని అధ్యాయాల్ని మళ్లీ మొత్తం గీసి కొత్తగా పెట్టేస్తుంటాడు, కథ కూడా మారిపోతుంది. ఏది చదివావో గుర్తుపెట్టుకో, లేకపోతే ఇక్కడికొచ్చి అడ్డసవాల్ గారితో వాదించేటప్పుడు ఇద్దరూ వేరే వేరే కథల గురించి కొట్టుకుంటారు.

అడ్డసవాల్:
పోయినసారి జరిగింది అదే.